"ఇంకెంత దూరం?" అన్నప్పుడు: సిక్కోలు, విజయనగరం దారుల్లో పిల్లలతో ఆడే కారు ఆటలు

శ్రీకాకుళంలో బయలుదేరితే విజయనగరం గంటన్నర, విశాఖ రెండు గంటల పైమాటే. ఆరేళ్ళ పిల్ల ఓపిక చిలకపాలెం దాకా కూడా ఆగదు. "నాన్నా, ఇంకెంత దూరం?" అని మొదలవుతుంది. ఫోను చేతికిస్తే కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత తల వంచుకున్న పిల్ల మొహం పాలిపోతుంది, కవరు కోసం వెతుకులాట మొదలవుతుంది.

దానికి కారణం ఉంది. కారు కదులుతోందని లోపలి చెవి మెదడుకి చెబుతుంటే, ఫోను మీదున్న కళ్ళు కదలడం లేదంటాయి. ఆ రెండు కబుర్లూ కలవకపోవడమే కడుపులో తిప్పడం. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. కాబట్టి కారు ఆటకి మొదటి షరతు, కళ్ళు కిటికీ బయట, దూరంగా ఉండాలి. చేతిలో పుస్తకం, పలక, పెన్సిల్ ఉండకూడదు. పెన్సిల్ అయితే సడన్ బ్రేకు పడినప్పుడు గుచ్చుకుంటుంది కూడా. నోరూ చెవులూ కళ్ళూ పనిచేస్తూ, చేతులు ఖాళీగా ఉండేదే మంచి ఆట.

ఆట పేరుకన్నా దాని నియమాన్ని పిల్ల వయసుకి తగ్గట్టు ఒక్క మెట్టు పైకో కిందకో జరపడం ముఖ్యం. అక్కడే పిల్ల నేర్చుకుంటుంది. మరీ సులువైతే ఐదు నిమిషాల్లో విసుగు, మరీ కష్టమైతే ఏడుపు. నాలుగుసార్లలో మూడుసార్లు గెలుస్తూ ఒకసారి తడబడుతుంటే ఆ మెట్టు సరిపోయినట్టు.

బయలుదేరే ముందు

ఆటలన్నీ వెనక సీటువే. నడిపేవాళ్ళని ఆటలోకి లాగకూడదు. "నాన్నా, ఆ లారీ నంబరు చూడు" అనే మాట కారులో వినపడకూడదు. ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు, టోల్‌గేటు దగ్గర, ఊళ్ళో జనం అడ్డొచ్చినప్పుడు, ఘాట్‌లో పెద్దవాళ్ళు "మౌనం" అంటే అందరూ ఆపేయాలి. దీన్నీ ఆటలో నియమంగానే పెట్టండి, పిల్లలు మాట కంటే నియమాన్ని త్వరగా ఒప్పుకుంటారు.

రెండో నియమం: సీటు బెల్టు తీయకుండా కనిపించిందే లెక్కలోకి వస్తుంది. వెనకొచ్చే బండి నంబరు కోసం సీటు మీద మోకాళ్ళేసి తిరగడం పిల్లలు ఎక్కువగా చేసే తప్పు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లల్ని సీటు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా సంగతి అటుంచినా, ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకునే అలవాటు ఇక మానేయాలి.

పాయింట్ల లెక్కకి పది చింతపిక్కలు చాలు. గెలిచినప్పుడల్లా ఒకటి ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారుతుంది. కాగితం అక్కర్లేదు, కిందకి చూడనక్కర్లేదు. ఐదేళ్ళ లోపు పిల్లలుంటే పిక్కలొద్దు, గొంతులో పడే ప్రమాదముంది. వాళ్ళకి వేళ్ళు ముడవడమే లెక్క.

పేర్లకి చప్పట్లు: మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా

ఊరి బోర్డు రాగానే పెద్దవాళ్ళు పేరు చదువుతారు, పిల్ల ఒక్కో ముక్కకి ఒక్కో చప్పట్టు కొడుతుంది. శ్రీ-కా-కు-ళం, నాలుగు. న-ర-స-న్న-పే-ట, ఆరు. పైకి చిన్నపిల్లల సరదాలా ఉంటుంది గానీ చదువుకి పునాది ఇదే. తెలుగు రాత అక్షరం అక్షరంగా నడుస్తుంది కాబట్టి, మాటని అక్షరాలుగా విడగొట్టి వినగలిగిన పిల్ల రాతని త్వరగా అందుకుంటుంది.

ఒత్తు దగ్గర జాగ్రత్త పడాలి. టెక్కలికి చప్పట్లు కొట్టమంటే పిల్ల "టెక్-క-లి" అని విడగొడుతుంది. రాసేటప్పుడు మాత్రం టె-క్క-లి. లెక్క మూడే, విరుపు వేరు. డిక్టేషన్‌లో "టెకలి" అని ఒత్తు మింగేసే పిల్లలకి ఇక్కడే పట్టు దొరుకుతుంది. "టెకలి"కీ "టెక్కలి"కీ రెండిటికీ చప్పట్లు కొట్టించి, "రెండోదాంట్లో నాలుక ఎక్కడ ఆగింది?" అని అడగండి. ఆ చిన్న ఆగుడే ఒత్తు. బొబ్బిలి, నెల్లిమర్ల, ఇచ్ఛాపురం, మన దారిలో ఒత్తులకి కొదవ లేదు. తప్పు కొడితే దిద్దకండి, మీరు నెమ్మదిగా మళ్ళీ కొట్టండి. పిల్లే దిద్దుకుంటుంది.

బోర్డుల మీద అక్షరాల వేట

"కనిపెట్టిన మొదటి అక్షరం అ, తర్వాత ఆ" అంటూ వరసలో వేట మొదలుపెడితే తెలుగులో ఆట ముందుకి సాగదు. ఋ దగ్గర ఒకసారి, ఙ, ఞ దగ్గర మరోసారి ఆగిపోతుంది. ణ, ళతో మొదలయ్యే మాటలు దాదాపు లేనే లేవు. అందుకే వరస వదిలేసి, ప్రయాణానికి ఐదు అక్షరాలు ఎంచుకోండి. మాటలో ఎక్కడున్నా సరే. ఆ ఐదూ పిల్ల బడిలో తారుమారు చేసేవైతే మేలు: ద-ధ, వ-ప, మ-య, ఘ-ఝ లాంటివి.

వేగం కూడా చూసుకోవాలి. కారు గంటకి 80 కిలోమీటర్ల మీద ఉంటే సెకనుకి 22 మీటర్లు దాటుతుంది. వంద మీటర్ల దూరం నుంచి కనిపించే బోర్డు నాలుగైదు సెకన్లలో వెనక్కి పోతుంది. కూడబలుక్కుని చదివే ఏడేళ్ళ పిల్లకి ఆ సమయం చాలదు. అది రాకపోవడం కాదు, అందకపోవడం. హైవే మీద నెత్తిమీదొచ్చే పెద్ద ఆకుపచ్చ బోర్డులే చదివించండి. దుకాణాల బోర్డుల వేటని నరసన్నపేట, రాజాం, గజపతినగరం లాంటి ఊళ్ళలో కారు నెమ్మదించినప్పటికి ఉంచండి. ఇచ్ఛాపురం దగ్గరపడ్డాక ఒడియా అక్షరాలు కూడా కనిపిస్తాయి. వాటిని చదవలేకపోయినా ఇది తెలుగు, ఇది ఒడియా అని ఆకారం చూసి విడదీయడం ఐదేళ్ళ పిల్లకి చక్కని పని.

ఊరి పేర్ల గొలుసు

కారు ఆటల్లో మనకి అన్నిటికంటే బాగా కుదిరేది ఇదే. ఒకరు ఊరి పేరు చెబితే, దాని చివరి అక్షరంతో తర్వాతివాళ్ళు ఇంకో ఊరు చెప్పాలి. కానీ నియమాలు ముందే ఖాయం చేయకపోతే రెండో నిమిషంలోనే తగువు. చివర "రు" వస్తే సరిగ్గా "రు"తోనే మొదలవ్వాలా? అలా పట్టుబడితే ఆట చచ్చిపోతుంది. ఈ మూడు నియమాలు పెట్టుకోండి: గుణింతం ఏదైనా సరే, హల్లు కలిస్తే చాలు. చివర సున్నా ఉంటే దాన్ని "మ"గా తీసుకోవాలి. ళ వస్తే ల, ణ వస్తే న.

అప్పుడు గొలుసు ఇలా సాగుతుంది: పలాస, సోంపేట, టెక్కలి, లావేరు, రణస్థలం, మందస, సాలూరు, రాజాం, మెరకముడిదాం. ఇవన్నీ మన దారుల్లో తగిలే పేర్లే. "మ" దగ్గర అందరూ ఇరుక్కుంటారు, ఎందుకంటే మన ఊళ్ళు సగం "పురం", "పాలెం", "పట్నం" తరహాలో సున్నాతో ముగుస్తాయి. మెళియాపుట్టిని పెద్దవాళ్ళు జేబులో దాచుకోవాలి. ఎవరూ చెప్పలేకపోయినప్పుడు తీస్తే మళ్ళీ గొలుసు కదులుతుంది.

ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి ఇంకో మెట్టు: చెప్పిన ఊరి గురించి ఒక్క నిజం చెప్పాలి. పలాస అంటే జీడిపప్పు, పొందూరు అంటే ఖద్దరు, బొబ్బిలి అంటే వీణ, బుడితి అంటే ఇత్తడి సామాను, తేలినీలాపురం అంటే వలస పక్షులు. తెలియకపోతే కారులో ఉన్న పెద్దవాళ్ళని అడగొచ్చు, కానీ ప్రశ్న పూర్తి వాక్యంలో ఉండాలి. అడగడం కూడా ఒక నేర్పే, దాన్ని బడిలో ఎవరూ విడిగా నేర్పరు.

నంబరు ప్లేట్లు

లెక్కలకి ఇంతకంటే మంచి సరంజామా దొరకదు. టోల్‌గేటు వరసలో, రైల్వే గేటు దగ్గర, పక్కన నెమ్మదిగా పోతున్న లారీ మీద నంబర్లు తీరిగ్గా కనిపిస్తాయి. వేగంగా ఎదురొచ్చే బండ్లని వదిలేయండి.

ఐదేళ్ళ పిల్లకి నాలుగంకెల్లో పెద్దదేదో చెప్పడం. ఆరేడేళ్ళకి మొదటి రెండంకెలు కూడడం. ఎనిమిదికి నాలుగూ కూడడం. 7238 వచ్చిందనుకోండి. పిల్ల వరసగా పోతుంది: ఏడూ రెండూ తొమ్మిది, తొమ్మిదీ మూడూ పన్నెండు, పన్నెండూ ఎనిమిదీ ఇరవై. సరైనదే. "ఇంకో దారి ఉందేమో చూడు" అని మాత్రం అనండి, దారి చెప్పకండి. 7, 3 కలిపి పది, 2, 8 కలిపి పది అని తనంతట తాను చూసిన రోజున పది జతల సంగతి ఇక మరిచిపోదు. పెద్దవాళ్ళు ఆగలేక చెప్పేయడం వల్లే ఈ ఆట ఎక్కువగా చెడుతుంది. పది సెకన్లు నోరు కట్టుకోండి, చాలా సేపులా అనిపిస్తుంది గానీ పిల్లకి ఆ సమయం కావాలి.

పదేళ్ళ వాళ్ళకి "పది చెయ్యి": నాలుగంకెల్నీ ఒక్కోసారి వాడి, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాలతో పది తెప్పించాలి. 3184 అయితే 8+4-3+1. 2566 అయితే 2×5+6-6. కొన్ని నంబర్లకి రాదు, 1112తో ఎలా తిప్పినా రాదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే రాని నంబరు పట్టుకుని తనకి లెక్కలు రావనుకుంటుంది. నిమిషం దాటితే "వదిలేయ్" అనే హక్కు అందరికీ ఉండాలి.

ఇంకా పెద్దవాళ్ళకి తొమ్మిది చిట్కా: అంకెల మొత్తాన్ని ఒకే అంకె వచ్చేదాకా కూడితే, ఆ నంబరుని తొమ్మిదితో భాగించినప్పుడు మిగిలే శేషం తేలుతుంది. 7238 మొత్తం 20, అది 2. శేషమూ 2. మొత్తం 9 వస్తే శేషం సున్నా. ఎందుకలా అన్న ప్రశ్న పిల్ల అడిగితే, పదిలో ఒక తొమ్మిది పోతే ఒకటి, వందలో 99 పోతే ఒకటి మిగులుతుందన్న దగ్గర మొదలుపెట్టండి. మిగతాది తనే అల్లుకుంటుంది.

ప్లేటు మొదట్లో ఉండే అక్షరాలతో ఇంకో ఆట, ఇది ఊహించి తేల్చడం. ఏపీ 30 అంటే శ్రీకాకుళం, 35 విజయనగరం, 31 విశాఖ. 2019 నుంచి కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఒకటే కోడు, ఏపీ 39, ఆ తర్వాత ఏపీ 40. కాబట్టి 35 కనిపిస్తే ఆ బండి రిజిస్ట్రేషను కొత్త కోడు రాకముందుది. తెలంగాణ బండి మీద టీఎస్ ఉంటే 2014కీ 2024కీ మధ్యది, టీజీ ఉంటే ఆ తర్వాతది. ఒడిశావి ఓఆర్ నుంచి ఓడీ అయింది 2012లో. ఓడీ 07 గంజాం, 18 రాయగడ, 20 గజపతి, 10 కోరాపుట్. "ఈ లారీ ఎంత పాతది, ఎక్కడిది?" అని అడిగి, "నీకెలా తెలిసింది?" అని రెండో ప్రశ్న తప్పకుండా వేయండి. ఆలోచన ఆ రెండో ప్రశ్నకి చెప్పే జవాబులోనే బయటపడుతుంది. చిన్నవాళ్ళకి ప్లేటు రంగులు చాలు: తెలుపు సొంతవి, పసుపు అద్దెకీ సరుకుకీ తిరిగేవి, ఆకుపచ్చ కరెంటువి.

కిలోమీటరు రాళ్ళు, నదులు, దిక్కులు

జాతీయ రహదారి రాయికి తల పసుపు, రాష్ట్ర రహదారికి ఆకుపచ్చ, పల్లె రోడ్డుకి నారింజ. మలుపు తిరిగినప్పుడల్లా తల రంగు మారిందేమో చూడమనండి. తొమ్మిదేళ్ళు దాటితే వేగం లెక్క: ఒక రాయి నుంచి తర్వాతి రాయికి ఎన్ని సెకన్లో పక్కనున్న పెద్దవాళ్ళు ఫోనులో చూసి చెబుతారు, 3600ని దానితో భాగిస్తే గంటకి వేగం. 60 సెకన్లయితే 60, 45 అయితే 80, 40 అయితే 90. నోటితో ఒకటీ రెండూ అని లెక్కపెడితే సెకన్లు గబగబా పరిగెడతాయి, జవాబు తప్పుతుంది. కొన్నిచోట్ల రాళ్ళు పొదల్లో కప్పబడిపోతాయి. ఒకటి తప్పిపోతే వచ్చిన సెకన్లని సగం చేయాలన్న సంగతి పిల్లే కనిపెట్టాలి.

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే సముద్రం కుడివైపు, కొండలు ఎడమవైపు. తిరిగొచ్చేటప్పుడు? ఏడేళ్ళ పిల్ల చాలాసార్లు మళ్ళీ కుడివైపే అంటుంది, ఎందుకంటే కుడీ ఎడమా తనతో పాటు తిరుగుతాయనీ తూర్పు మాత్రం తిరగదనీ ఇంకా పట్టుబడలేదు. చెప్పేకంటే చేతితో చూపించమనండి. వంతెన రాగానే నది పేరు ఎవరు ముందంటే వాళ్ళకి పిక్క: శ్రీకాకుళంలో నాగావళి, మడపాం దగ్గర వంశధార, ఇచ్ఛాపురంలో బాహుదా, విజయనగరం నుంచి నెల్లిమర్ల వైపు అయితే చంపావతి. నీళ్ళు ఏ పక్కకి పోతున్నాయో కూడా చెబితే రెండు పిక్కలు. ఇసుక తప్ప నీళ్ళు కనపడని నెలల్లో, సముద్రం ఏ పక్కనుందో ఆలోచించి చెప్పాలి.

దారిలో చూసిన దాని పేరు ఎంతమంది ఎన్ని రకాలుగా అంటారన్నది మామ్మో తాతో కారులో ఉన్నప్పుడు ఆడాలి. పుస్తకంలో వాగు, మనకి గెడ్డ. పుస్తకంలో చెరువు, మన ఊళ్ళో చిన్నదైతే బంద. ఇలాగే ధాన్యం నూర్చే చోటు కళ్ళం, చెరువు తూము మదుం. రెండు పేర్లూ తెలిసిన పిల్లకే ఒక పిక్క, బడి మాట ఒక్కటే తెలిస్తే రాదు.

చూసింది చెప్పని ఆటలు

"నేనొకటి చూశాను, కనుక్కో" అనే ఆట కదిలే కారులో తరచూ చెడుతుంది. చూసిన గేదె జవాబు వచ్చేలోగా కిలోమీటరు వెనకుంటుంది. నియమం మార్చండి: ఎంచుకున్నది ఇంకా కనిపిస్తూ ఉండాలి, లేదా మళ్ళీ మళ్ళీ వచ్చేదై ఉండాలి, తాటిచెట్టు, కరెంటు స్తంభం, దూరపు కొండలా. రంగు చెబితే ఆట ఒక్క నిమిషం, పొడుపుకథగా చెబితే పది నిమిషాలు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, తీసినా వేసినా చప్పుడు కావు" అని కనురెప్పల పొడుపు చెప్పి, అదే తీరులో తాటిచెట్టు మీద ఒకటి కట్టమనండి. ఆకారం, పని, ఉండే చోటు, ఈ మూడింట్లో రెండు చెప్పాలి, పేరు రాకూడదు.

ఇరవై ప్రశ్నల ఆటలో పిల్లలు మొదటి ప్రశ్నకే "అరసవల్లి గుడా?" అంటారు. మొదటి ఐదు ప్రశ్నల్లో ఏ పేరూ చెప్పకూడదని నియమం పెట్టండి. "ప్రాణం ఉన్నదా? కారుకంటే పెద్దదా? మన జిల్లాలోదా?" అని సగం సగం కోసుకుంటూ పోవాలి. ప్రతి ప్రశ్న సరిగ్గా సగం తీసేస్తే ఇరవై ప్రశ్నలతో పది లక్షలకి పైగా వస్తువుల్లోంచి ఒకటి పట్టుకోవచ్చు. పిల్లల్ని ఈ సంఖ్య ఆశ్చర్యపరుస్తుంది, కాగితం మీద రెండుని ఇరవైసార్లు గుణించడం ఇంటికెళ్ళాక వాళ్ళే మొదలుపెడతారు.

"సంతకెళ్ళాను" జ్ఞాపకశక్తికి. మొదటివాళ్ళు ఒక వస్తువు, తర్వాతివాళ్ళు అదీ ఇంకోటీ. మరిచిపోతే బయటికి పంపకండి, కారులో బయటికి పోయినవాళ్ళు పక్కవాళ్ళని గిల్లుతారు. తడబడినవాళ్ళకి మూగసైగతో సాయం చేయొచ్చని పెట్టండి.

వయసు తేడా ఉన్న అక్కా తమ్ముళ్ళుంటే వాళ్ళిద్దరినీ ఒక జట్టు చేసి, దారిని ఎదుటి జట్టు చేయండి: "నరసన్నపేట వచ్చేలోగా ఇద్దరూ కలిపి ఎనిమిది పిక్కలు మార్చాలి." అక్క పది తెప్పిస్తే ఒక పిక్క, తమ్ముడు పెద్ద అంకె చెబితే ఒక పిక్క. అక్క తమ్ముడి జవాబు చెప్పేస్తే ఒకటి వెనక్కి.

ఐదేళ్ళ వాళ్ళకి ఒక ఆట పది నిమిషాలు, పెద్దవాళ్ళకి ఇరవై. ఇంకా ఆడాలని ఉన్నప్పుడే ఆపి, కాసేపు ఊరికే కిటికీలోంచి చూడనివ్వండి. విసుగొచ్చి ఆపిన ఆట మళ్ళీసారి మొదలవదు.

సాలూరు దాటి కోరాపుట్ ఘాట్ ఎక్కుతుంటే చూసే ఆటలన్నీ కట్టిపెట్టాలి. చూపు ఎదురుగా రోడ్డు మీద నిలిపి, గొలుసు, సంత లాంటి చెవి ఆటలే నడపాలి. బయలుదేరే ముందు ఇడ్లీ లాంటి తేలికైన తిండి పెట్టాలి, అద్దం కాస్త దించాలి. ఎవరైనా ఆవలిస్తూ, లాలాజలం మింగుతూ, ఉన్నట్టుండి మాట తగ్గిస్తే అది ఆట మీద విసుగు కాదు, వాంతికి ముందు లక్షణం. ఆట ఆపి, బండి సురక్షితమైన చోట నిలిపి, ఐదు నిమిషాలు కిందకి దింపండి.

చీకటి పడ్డాక బోర్డులూ ప్లేట్లూ పనికిరావు. అప్పుడు ఎదురొచ్చే దీపాలు లారీవో, బైకువో, ఆటోవో దూరం నుంచే చెప్పడం, దగ్గరకొచ్చాక సరిచూసుకోవడం. జవాబుల మధ్య విరామం పెరుగుతుంటే గొంతు తగ్గించి, పిక్కలు మీ చేతిలోకి తీసుకోండి.